ప్లగ్గు నోరు ఎటు తిరిగితే ఏం లాభం?

తిరుపతిలో ఏ బైక్ మెకానిక్ షెడ్డు దగ్గరైనా ఓ గంట కూర్చుంటే ఈ మాట వినబడకుండా ఉండదు: "సామీ, కొండెక్కేటప్పుడు బండి లాగడం లేదు. ప్లగ్గు ఒకసారి చూడు." మెకానిక్ ప్లగ్ పానా తీసుకుని నాలుగు తిప్పులు తిప్పి ప్లగ్గు, అంటే ఇంజన్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించే భాగం, బయటికి తీస్తాడు. వెలుతురుకు పెట్టి చూస్తాడు. నల్లగా ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్లీ బిగిస్తాడు. బండి కాస్త మెరుగవుతుంది. లేదా మెరుగైనట్టు అనిపిస్తుంది.

పది నిమిషాల ఈ పనికి ఇప్పుడు ఒక తోక చేరింది. ప్లగ్గు ఊరికే బిగిస్తే చాలదు, దాని నోరు, అంటే కొసన తెరుచుకున్న పక్క, సరిగ్గా ఇన్‌టేక్ వాల్వ్ (పెట్రోలు, గాలి లోపలికి వచ్చే తలుపు) వైపు తిరిగి ఉండాలి, అప్పుడే ఇంజన్ పూర్తి పవర్ ఇస్తుంది అంటున్నారు. దీన్ని ఇండెక్సింగ్ అంటారు. కార్ రేసుల వాళ్లకు పాత అలవాటే. రేసు వీడియోలు చూసే కుర్రాళ్ల ద్వారా పల్సర్లకూ స్ప్లెండర్లకూ దిగివచ్చింది. పికప్ పెరిగిందని కొందరు, లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ వస్తోందని ఇంకొందరు చెబుతుంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అది ఎంత నిజం, ఎలాంటి ఇంజన్‌లో నిజం అన్నదే చూడాల్సింది.

ప్లగ్గు కొసన రెండు లోహపు ముక్కలు కనబడతాయి. మధ్యలో నిటారుగా ఉండేది సెంటర్ ఎలక్ట్రోడ్. పక్కనుంచి లేచి కొక్కెంలా వంగి దాని మీదికి వచ్చేది గ్రౌండ్ ఎలక్ట్రోడ్. రెంటి మధ్య సందు మామూలు బండ్లలో 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లు. నిప్పురవ్వ పుట్టేది ఆ సందులోనే. కొక్కెం లేచిన పక్క మూసుకుని ఉంటుంది, దానికి ఎదురు పక్క తెరుచుకుని ఉంటుంది. ఆ తెరుచుకున్న పక్కనే నోరు అంటున్నాం.

ప్లగ్గును మర తిప్పి బిగిస్తాం కాబట్టి నోరు చివరికి ఎటు ఆగుతుందో ముందే చెప్పలేం. ప్లగ్గు మీద మర ఎక్కడ మొదలైంది, హెడ్‌లో (ప్లగ్గు దిగే సిలిండర్ మూతలో) మర ఎక్కడ మొదలైంది, వాషర్ ఎంత నలిగింది అన్నవి కలిసి తేలుస్తాయి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ప్లగ్గులు ఒకే రంధ్రంలో రెండు రకాలుగా ఆగొచ్చు. ఇండెక్సింగ్ చేసేవాళ్లు బయట కనిపించే తెల్ల పింగాణీ మీద, సరిగ్గా నోటికి పైన, స్కెచ్ పెన్నుతో నిలువు గీత గీస్తారు. బిగించాక లోపలి నోరు కనబడదు గాని గీత కనబడుతుంది. గీత కావలసిన వైపు లేకపోతే పలచటి రాగి వాషర్ ఒకటి అదనంగా వేస్తారు, లేదా ఇంకో ప్లగ్గు పెట్టి చూస్తారు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో ఎనిమిది ప్లగ్గులను ఎనిమిది రంధ్రాల్లో అటూ ఇటూ మార్చి కుదుర్చుకోవచ్చు. మన బండికి ఉన్నదే ఒక రంధ్రం. గీత కుదిరేదాకా షాపులో ప్లగ్గులు ఒక్కొక్కటీ విప్పి బిగించి చూస్తానంటే ఏ షాపాయనా ఒప్పుకోడు.

ఇక లెక్క. మన చిన్న బండ్లలో చాలావాటికి 10 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గు వస్తుంది, ఒక పూర్తి చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. కార్లలో విరివిగా వాడిన 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు. కాబట్టి నోటిని పావు చుట్టు జరపాలంటే బైక్ ప్లగ్గుకు 0.25 మిల్లీమీటర్ల వాషర్, కారు ప్లగ్గుకు 0.31 మిల్లీమీటర్ల వాషర్ కావాలి. అంత మేరకు ప్లగ్గు బయటికి జరిగినట్టే, కంప్రెషన్ (ఇంజన్ తనలోని గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) పడిపోదా అని భయపడేవాళ్లున్నారు. అక్కర్లేదు. 97 సీసీ ఇంజన్, కంప్రెషన్ 9.9 అనుకుంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 11 సీసీ దగ్గర ఉంటుంది. 10 మిల్లీమీటర్ల ప్లగ్గు 0.25 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే పెరిగేది 0.02 సీసీ. కంప్రెషన్ 9.9 నుంచి 9.88కి వస్తుంది. పట్టించుకోవాల్సిన తేడా కాదు.

నోటి దిక్కుకు నిజంగా విలువ ఉందా? ఉంది. కారణం సందులో పుట్టే మంట మొదటి క్షణాల్లో చాలా బలహీనంగా ఉండటం. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడు సుడి తిరుగుతూ వస్తుంది. పిస్టన్ పైకి నొక్కేటప్పుడు ఆ సుడి చిన్న చిన్న సుడులుగా పగిలి కలియబెట్టినట్టు కదులుతుంటుంది. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ప్లగ్గు చుట్టూ ఈ గాలి సెకనుకు 10 మీటర్లు, అంతకంటే ఎక్కువ వేగంతో కూడా పోతుంది. ఆ గాలిలో ఆవగింజంత నిప్పు నిలబడి పెరగాలి. దానికి రెండు అడ్డంకులు. ఒకటి, చల్లటి లోహం. కొక్కెం, సెంటర్ ఎలక్ట్రోడ్ రెండూ ఆ పసిమంట వేడిని పీల్చేస్తాయి. రెండోది, కొక్కెం గాలికి ఎదురుగా గోడలా నిలబడితే సందులోకి కొత్త మిశ్రమం సరిగా రాదు, పుట్టిన మంట కొక్కెం నీడలోనే ఉండిపోతుంది. అదే గాలి సందు గుండా పక్కనుంచి దూసుకుపోయేలా ఉంటే మంట లోహాన్ని వదిలి ఖాళీ చోటులోకి సాగుతుంది, త్వరగా ఎదుగుతుంది. ప్రయోగశాల ఇంజన్లలో, అందులోనూ పెట్రోలు బాగా తగ్గించి గాలి ఎక్కువ పెట్టి నడిపేటప్పుడు, దిక్కు మారితే మంట నిలకడ మారడం స్పష్టంగా తెలుస్తుంది.

"ఇన్‌టేక్ వాల్వ్ వైపు" అన్న సూత్రం మాత్రం అనుకున్నంత గట్టిది కాదు. నిప్పురవ్వ పడే సమయానికి ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు మిశ్రమం ఎటు తిరుగుతోంది అన్నది వాల్వ్ ఎక్కడుంది అన్నదాన్ని బట్టి కాక, పోర్టు (మిశ్రమం వచ్చే దారి) ఆకారం, పిస్టన్ తల ఆకారం, ఇంజన్ వేగం బట్టి ఉంటుంది. ఒక ఇంజన్‌లో బాగున్న దిక్కు ఇంకో ఇంజన్‌లో బాగుండకపోవచ్చు. ఒకే ఇంజన్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర కుదిరింది 7000 దగ్గర కుదరకపోవచ్చు. నోరు ఇన్‌టేక్ వైపు పెట్టమనడం ఇల్లు కట్టేటప్పుడు ఈశాన్యం చూసుకోమన్నట్టే. నష్టం లేదు గాని, అదే అన్ని ఇళ్లకూ కొలత కాదు.

అన్నిటికన్నా చెడ్డది కొక్కెం గాలికి సూటిగా ఎదురు నిలబడటం. ఉదాహరణకు అలాంటి చెడ్డ దిక్కులు వృత్తంలో పావు వంతు అనుకుందాం. అలాగైతే గుడ్డిగా బిగించినా నాలుగింట మూడుసార్లు ప్లగ్గు పర్వాలేదనిపించే చోటే ఆగుతుంది. ఇండెక్సింగ్‌తో బాగుపడాల్సింది ఆ మిగిలిన ఒక్కసారే. అందరూ చేయించుకుంటే అందరికీ లాభం రావాలన్న ఆశ ఇక్కడే సగం కరిగిపోతుంది.

మిగిలిన సగం ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పు ఎప్పుడు పడాలన్న లెక్క) దగ్గర కరుగుతుంది. ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక చుట్టుకు సెకనులో వందో వంతు పడుతుంది. నిప్పు పడింది మొదలు మంట గట్టిగా అంటుకునేదాకా క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) 15, 20 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి రాకముందే నిప్పు పడేలా కంపెనీ టైమింగ్ పెడుతుంది. నోరు మంచి దిక్కులో ఉంటే మంట ఒకటి రెండు డిగ్రీలు ముందు అంటుకుంటుందనుకుందాం. అంటే ఇండెక్సింగ్ చేసే పని, నిప్పును ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరిపినదానికి దాదాపు సమానం. టైమింగ్ సరైన చోట ఉన్న ఇంజన్‌లో ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే టార్క్‌లో (ఇంజన్ తిప్పే బలంలో) తేడా కొలవడమే కష్టం. టైమింగ్‌తో టార్క్ ఎలా మారుతుందో కాగితం మీద గీస్తే, ఆ గీత శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది. కొండ అంచు నుంచి జారితే తేడా గాని, కొండ మీద చదునులో నాలుగడుగులు వేస్తే ఎత్తేం మారుతుంది?

అందుకే అనుభవం ఉన్న రేసు ఇంజన్ల వాళ్లు చెప్పే లాభం కూడా ఒక శాతం లోపే. 500 హార్స్‌పవర్ ఇచ్చే రేసు కారుకు అంటే 5 హార్స్‌పవర్. గెలుపుకీ ఓటమికీ మధ్య తేడా సెకనులో వందో వంతు ఉండే చోట అది బంగారమే. స్ప్లెండర్ ఇచ్చేది 8 హార్స్‌పవర్. అందులో ఒక శాతం 0.08. పైగా దాని సిలిండర్ అడ్డం 50 మిల్లీమీటర్లే. మంట ఒక గోడ నుంచి ఇంకో గోడకు పోవాల్సిన దూరం పెద్ద అమెరికన్ వీ8 ఇంజన్లలో ఉండే 100 మిల్లీమీటర్లలో సగం. మొదట్లో కాస్త ఆలస్యమైనా మంట తొందరగానే ఆ చివరికి చేరుతుంది.

ఈ 0.08 హార్స్‌పవర్‌ను ఎక్కడైనా పసిగట్టగలమా అంటే, ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. అలిపిరి నుంచి తిరుమల ఘాట్. తిరుపతి సముద్ర మట్టానికి 150 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, తిరుమల 850 మీటర్ల పైన ఉంటుంది. ఎక్కాల్సింది 700 మీటర్లు. స్ప్లెండర్ బరువు, ఇద్దరు మనుషుల బరువు కలిపి 250 కిలోలనుకుందాం. ఘాట్‌లో వేగం మీద టీటీడీ పెట్టిన నియమం ఉంది, పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాల కంటే ముందు దిగకూడదు. సరిగ్గా 28 నిమిషాల్లో చేరితే ఆ బరువును 700 మీటర్లు ఎత్తడానికి సగటున పడే శక్తి సుమారు 1000 వాట్లు, అంటే ఒకటిన్నర హార్స్‌పవర్ లోపే. గాలి నిరోధం, టైర్ల రాపిడి కలిపినా రెండున్నర హార్స్‌పవర్ చుట్టుపక్కల తేలుతుంది. 8 హార్స్‌పవర్ బండి సగటున మూడో వంతు బలంతో ఎక్కేస్తుందన్నమాట. మరి మలుపుల్లో ఏడుస్తుందెందుకు? గట్టి మలుపులో వేగం పడిపోతుంది, ఇంజన్ ఆర్‌పీఎం పడిపోతుంది. 8 హార్స్‌పవర్ 8000 ఆర్‌పీఎం దగ్గరి మాట, 3000 దగ్గర అందులో సగం కూడా ఉండదు. అక్కడ కావాల్సింది ఒక గేరు కిందికి మార్చడం. అది చేయకుండా మూడో గేరులోనే లాగిస్తూ ప్లగ్గును తిట్టేవాళ్లు ఎక్కువ.

ఇంకో సంగతి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. మామూలు ఇంజన్‌కు ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక శాతం పవర్ తగ్గుతుంది. తిరుమల చేరేసరికి 7 శాతం దాకా పోతుంది.  ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లు గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించుకుంటాయి గాని, లేని గాలిని తెచ్చిపెట్టలేవు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద 42 డిగ్రీల మధ్యాహ్నానికీ, అదే రోడ్డు మీద డిసెంబర్‌లో 22 డిగ్రీల ఉదయానికీ గాలి సాంద్రతలో 6 శాతం తేడా ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు ఇచ్చేదానిలో మూడింట రెండు వంతులే, కాబట్టి లీటరు మిశ్రమంలో శక్తి 6, 7 శాతం తక్కువ. ఇన్ని 6 శాతాలూ 7 శాతాలూ రోజూ మారుతుండగా, వాటి మధ్య ఒక శాతం లోపు తేడాను ఎవరైనా సీటు మీద కూర్చుని కనిపెట్టామంటే నమ్మడం కష్టం.

నాలుగైదు కిలోమీటర్ల మైలేజీ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. లీటరుకు 60 ఇచ్చే బండికి ఒక శాతం అంటే 600 మీటర్లు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే మనిషికి మిగిలేది ముప్పావలా లోపు. అది కూడా పూర్తి ఒక శాతం నిజంగా వస్తేనే.

మరి చేయించుకున్నవాళ్లందరూ అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లకు తేడా తెలిసే ఉంటుంది. ఇండెక్సింగ్ చేయాలంటే ప్లగ్గు విప్పాలి. విప్పినప్పుడు కొత్తది వేస్తారు, లేదా పాతదాన్ని శుభ్రం చేస్తారు. సందు (గ్యాప్) సరిచేస్తారు. ప్లగ్గుకు కరెంటు వైరు తగిలించే క్యాప్ తీసి పెట్టడంతో దాని లోపలి తుప్పు రాలుతుంది. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్ దులుపుతారు. ఇన్ని చేశాక బండి లాగితే పేరు స్కెచ్ పెన్ను గీతకు పోతుంది. తేల్చాలంటే అదే ప్లగ్గు, అదే గ్యాప్, అదే వాషర్ మందం ఉంచి, నోరు మాత్రం మార్చి, మంచి దిక్కు, చెడ్డ దిక్కు, మళ్లీ మంచి దిక్కు అని డైనో (బండి బలాన్ని కొలిచే యంత్రం) మీద పదేసి సార్లు నడపాలి. డైనో మీద కూడా ఒకే బండిని వెంటవెంటనే రెండుసార్లు నడిపితే ఒక శాతం తేడా మామూలుగానే వస్తుంటుంది. ఇంజన్ వేడి మారుతుంది, టైరు వేడి మారుతుంది. వెతుకుతున్న వస్తువు, వెతికే కొలబద్దలోని తప్పు ఒకే సైజులో ఉంటే దొరికిందో లేదో ఎలా చెబుతారు? అందుకే రేసు వాళ్లు కూడా దీన్ని నిరూపించిన లాభంగా చూడరు. ఖర్చు లేని జాగ్రత్తగా చేస్తారు.

అసలు ఘాట్‌లో బండి మిస్సింగ్ కొట్టడానికి ప్లగ్గు కారణమయ్యేది వేరే దారిలో. ఇది కొంచెం నిదానంగా చూడాలి. యాక్సిలరేటర్ బాగా తిప్పి బరువు లాగుతున్నప్పుడు సిలిండర్‌లోకి మిశ్రమం నిండుగా వస్తుంది, నొక్కుడు పెరుగుతుంది. నొక్కుడు పెరిగేకొద్దీ సందు దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. సందు పెద్దదయ్యేకొద్దీ కూడా అంతే. కొత్తగా 0.9 ఉన్న సందు వేల కిలోమీటర్లు తిరిగాక అంచులు అరిగి 1.1, 1.2 అవుతుంది. చదును రోడ్డు మీద ఆ వోల్టేజీ ఇచ్చే కాయిల్ ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్‌లో మూడో నాలుగో మలుపు దగ్గర, సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు, కాయిల్ ఇచ్చే వోల్టేజీ చాలదు. ఒక నిప్పు తప్పుతుంది, బండి తుమ్మినట్టు ఎగురుతుంది. బాగా అరిగిన క్యాప్, పగిలిన పింగాణీ ఉంటే కరెంటు పక్కదారి పట్టి ఇదే జబ్బు వస్తుంది. దీనికీ నోరు ఎటుంది అన్నదానికీ సంబంధం లేదు. ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే కొలత రేకులు) రేకు ఒకటి సందులో పెట్టి చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. మన షెడ్లలో ఎక్కువగా వేలి గోరుతోనో, హ్యాక్సా బ్లేడ్ ముక్కతోనో అంచనా వేస్తారు. అనుభవజ్ఞుడి కన్ను మంచిదే. కానీ 0.2 మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు.

ఇక కార్బన్. ప్లగ్గు కొస వేడి 450, 500 డిగ్రీలు దాటితేనే దాని మీద పడే మసి కాలి రాలిపోతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో బస్టాండ్ నుంచి అలిపిరి దాకా ఫస్ట్ గేరులో పాకుతూ, ఆగుతూ వచ్చిన బండి ప్లగ్గు ఆ వేడికి చేరదు. నల్లబడుతుంది. ఆ తర్వాత ఘాట్ మొదలయ్యాక రెండు మూడు కిలోమీటర్లు గట్టిగా లాగితే కొస వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. "కింద ఏడ్చింది, పైకి పోయేకొద్దీ బాగైంది" అనే వింత ఇదే. ఇటు తక్కువ వేడి ఒక జబ్బైతే అటు ఎక్కువ వేడి ఇంకా పెద్ద జబ్బు. కొస 900 డిగ్రీల దగ్గరికి పోతే నిప్పు పడకముందే మిశ్రమం దానంతట అదే అంటుకుంటుంది. పిస్టన్ తల కరిగిపోయేది అలాంటప్పుడే.

ఈ వేడి సంగతి ప్లగ్గు మీది అంకెలోనే రాసి ఉంటుంది. సీపీఆర్8ఈఏ-9 అని ఉన్న ఎన్‌జీకే ప్లగ్గును తీసుకోండి. సీ అంటే 10 మిల్లీమీటర్ల మర. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 8 వేడి అంకె, ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పేది. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 9 అంటే గ్యాప్ 0.9. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు. బాష్‌లో తలకిందులు, అంకె పెరిగితే వేడి ప్లగ్గు. ఆ కంపెనీ 8కి బదులు ఈ కంపెనీ 8 ఉంది కదా అని వేసేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నోరు ఎటు చూస్తోందని తలపట్టుకునే కుర్రాళ్లు ఈ అంకె చదవడం నేర్చుకుంటే ఇంజన్‌కు ఎక్కువ మేలు.

ఇండెక్సింగ్‌లో నిజమైన ప్రమాదం కూడా ఉంది. గీత ఇంకాస్త జరిగితే సరిపోతుందని పానాకు ఇంకొంచెం బలం వేయడం. కొత్త వాషర్ ఉన్న ప్లగ్గును చేత్తో ఆగేదాకా తిప్పి, తర్వాత పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు. ఒకసారి నలిగిన వాషర్‌తో మళ్లీ పెడుతుంటే పన్నెండో వంతు చుట్టే. అది 30 డిగ్రీలు. అంతకుమించి నోటిని జరపడానికి బిగింపులో చోటు లేదు. 10 మిల్లీమీటర్ల ప్లగ్గుకు కావాల్సిన బిగింపు బలం (టార్క్) 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, పొడుగు పిడి పానాతో ఒక చేయి బలం చాలా ఎక్కువ. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. మర పోతే పోయేది హెడ్‌దే. 150 రూపాయల ప్లగ్గుతో మొదలైన సరదా హెడ్ విప్పి లేతు షాపులో కొత్త మర వేయించేదాకా పోతుంది. దీనికి ఎదురు తప్పు, గీత కుదిరింది కదా అని వదులుగా వదిలేయడం. ప్లగ్గు వేడిలో ఎక్కువ భాగం వాషర్, మర ద్వారానే హెడ్‌లోకి పోతుంది. అక్కడ పట్టు లేకపోతే కొస మండిపోతుంది.

దిక్కు నిజంగానే లెక్కలోకి వచ్చే ఇంజన్లు లేవా అంటే ఉన్నాయి. కంప్రెషన్ కోసం పిస్టన్ తలను గుట్టలా ఎత్తు చేసిన రేసు ఇంజన్లలో కొక్కెం పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది. అక్కడ దిక్కు చూసుకోకపోతే మొదటి చుట్టులోనే కొక్కెం వంగి సందు మూసుకుపోతుంది. ఇండెక్సింగ్‌కు గట్టి కారణం ఇదే, పవర్ తర్వాతి మాట. రెండోది, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చల్లే కొత్త కార్ల ఇంజన్లు. ఇంజెక్టర్ తుంపర ప్లగ్గుకు దగ్గరగా పోతుంటే, కొక్కెం ఆ తుంపరకు అడ్డం పడినా, తుంపర కొక్కెం మీద పడి తడిసినా నిప్పు పని చెడుతుంది. అందుకే కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే హెడ్ మర, ప్లగ్గు మర ఒకే చోట మొదలయ్యేలా కోసి, చెప్పిన టార్క్‌కు బిగిస్తే నోరు తనంతట తానే సరైన దిక్కులో ఆగేలా చేస్తాయి. అలాంటి కారుకు వేరే ప్లగ్గు, వేరే వాషర్ వేయకూడదు. ఇంజనీర్లు స్కెచ్ పెన్ను గీత పని మర మొదలులోనే చేసి పెట్టారు.

మన బైకుల్లో కంపెనీలు ఎంచుకున్న దారి ఇంకోటి. బజాజ్ 2003లో పల్సర్‌కు డీటీఎస్-ఐ పేరుతో ఒక సిలిండర్‌కు రెండు ప్లగ్గులు పెట్టింది, 2012లో వచ్చిన 200 ఎన్ఎస్‌కు మూడు. మంట త్వరగా అంటుకోవాలన్న అవసరాన్ని వాళ్లు గుర్తించకపోలేదు. నోరు తిప్పి ఒకటి రెండు డిగ్రీలు రాబట్టే బదులు, రెండు చోట్ల నిప్పు పెట్టి మంట నడవాల్సిన దూరాన్నే తగ్గించారు. సన్నటి ఇరిడియం కొస ప్లగ్గులు చేసే పనీ పాక్షికంగా ఇదే. సెంటర్ ఎలక్ట్రోడ్ కొస 0.6, 0.4 మిల్లీమీటర్లకు సన్నబడటంతో పసిమంట వేడిని పీల్చే లోహమే తగ్గుతుంది. అప్పుడు నోరు ఎటున్నా తేడా ఇంకా చిన్నదవుతుంది. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్‌ను అడిగితే ఈ గొడవే లేదు. డీజిల్ ఇంజన్, నిప్పురవ్వ ప్లగ్గే ఉండదు.

అయినా చేసి చూడాలనిపిస్తే చేయొచ్చు, తప్పేం లేదు. గ్యాప్ కొలిచి సరిచేసుకున్నాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పింగాణీ మీద గీత గీసి మామూలుగా, చెప్పిన మేరకే బిగించాలి. గీత ఎక్కడ ఆగితే అక్కడ వదిలేసి ఒక వారం నడపాలి. తర్వాత సరిగ్గా సరిపోయే రాగి వాషర్‌తో పావు చుట్టు జరిపి, ఏ దిక్కులో ఉందో చెప్పకుండా బండిని ఇంకొకరి చేతికిచ్చి నడపమనాలి. పదిసార్లలో ఎన్నిసార్లు సరిగ్గా చెబుతారో కాగితం మీద రాసుకోవాలి. ఘాట్‌లో టైమ్ చూసి తేల్చుకుందామంటే కుదరదు. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరితే, ఇండెక్సింగ్ పనిచేసిందని చెప్పినా టోల్‌గేట్ దగ్గర ఫైన్ తప్పదు.